పదిహేడో నంబరు ఇంటి ఓటు

పదిహేడో నంబరు ఇంటి మెట్టు మీద నిలబడి, డెలిత్ అట్టకు తగిలించిన ఓటర్ల జాబితాను మరొకసారి చూసుకుంది. ఆ వీధిలో అరవై రెండు పేర్లు. అరవై ఒక్కింటి పక్కన టిక్కో, ఇంటూ గుర్తో పడింది. ఇంటూలే ఎక్కువ. ఎమ్రిస్ ప్రోసర్ అనే పేరు పక్కన మాత్రం పెన్సిలుతో వేసిన ప్రశ్నార్థకం ఉంది.

వాన సన్నగా పడుతోంది. వీధి మలుపులో స్తంభానికి కట్టిన కొత్త ప్రధానమంత్రి బొమ్మ ఒక మూల ఊడి వేలాడుతోంది. ఎదురింటి బెరిల్ చెత్తడబ్బాను లోపలికి లాక్కుంటూ తలెత్తింది.

"ఏమ్మోయ్, ఇంకా వదల్లేదా ఆయన్ని? మా గుమ్మం ఎక్కావంటే మాత్రం ఊరుకోను. మీ పార్టీ పాత ప్రధాని మొహం చూశాం, కొత్తావిడ మొహమూ చూశాం. ఇక చాలు."

"మీ ఇంటికి రావడం లేదులెండి, బెరిల్ గారూ."

తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"నాలుగు నిమిషాలు ఆలస్యం," అన్నాడు ఎమ్రిస్. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. ఇంట్లో ఉండి కూడా టై కట్టుకున్నాడు.

"బస్సు రాలేదండీ."

"ఆ బస్సు సంగతే మీవాళ్ళకి ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను. రా తల్లీ, తడుస్తున్నావు."

బల్ల మీద రెండు కప్పులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఎండుద్రాక్ష రొట్టె ముక్కలకు వెన్న రాసి ఉంది.

డెలిత్ ఆ గుమ్మం మొదటిసారి తొక్కింది చలి ఇంకా వదలని రోజుల్లో, ఈ వేల్స్ లోయకు ఉప ఎన్నిక ప్రకటించిన వారం. అప్పటికి ప్రధానమంత్రి పాతాయనే. ఆయన పేరెత్తితే చాలు, వీధి పొడవునా తలుపులు మూసుకునేవి. రెండు వారాల తర్వాత లండన్‌లో పార్టీ ఆయన్ని దింపి కొత్తావిడను కూర్చోబెట్టింది. జనం మళ్ళీ నమ్ముతారు, తేల్చుకోని ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళండి, అని కార్యకర్తలకు ఆదేశం వచ్చింది. ఔనన్న ఇంటికి రెండోసారి వెళ్ళనక్కరలేదు. కాదన్న ఇంటికీ అంతే.

అప్పట్లో డెలిత్‌తో మరో నలుగురు తిరిగేవారు. ఇప్పుడామె ఒక్కతే వస్తోంది, ప్రతి గురువారం.

"మరి, ఈ వారమైనా తేల్చుకున్నారా?" పెన్సిలు తీసి అడిగింది.

"ఆలోచిస్తున్నా. మీ కొత్తావిడలో ఉన్న గొప్పేమిటో ఇంకోసారి చెప్పు."

"నిజాయితీపరురాలు. పాతాయనలా పూటకో మాట చెప్పదు."

"సరే. ఆవిడ వెనక కూర్చున్నది మాత్రం పాతవాళ్ళేగా?" కప్పుల్లో టీ పోశాడు. "చూడు, ఇరవై ఏళ్ళు మా ఊరి మగవాళ్ళ పాటల బృందంలో పాడాను. మొదట్లో హాలు నిండేది. రానురాను ఖాళీ కుర్చీలు మిగిలాయి. తప్పంతా పాడించే మాస్టారిదన్నాం. మార్చాం. మళ్ళీ మార్చాం. అలా మొత్తం ముగ్గురు. మాస్టారు ఎటు తిరిగి నిలబడతాడు? మావైపు. జనానికి కనబడేది ఆయన వీపు. వినబడేవి మా గొంతులు. ఆ గొంతులు మారలేదు, పాటా మారలేదు."

"అంటే, ఒక్కరూ తిరిగి రాలేదా?"

"మూడో మాస్టారు వచ్చాక ఒక్క మనిషి వచ్చింది. బయట జోరువాన. తగ్గేదాకా నిలబడదామని లోపలికొచ్చింది." కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూశాడు. "నలభై నాలుగేళ్ళు కాపురం చేశాం."

డెలిత్ నవ్వింది. "అయితే మాస్టార్ని మార్చడం వృథా పోలేదన్నమాట."

"నాకు పోలేదు. బృందానికి పోయింది."

ఇద్దరూ కాసేపు టీ తాగారు. ఎందుకో డెలిత్‌కు తెగించి అడగాలనిపించింది.

"ఎమ్రిస్ గారూ, ఔననో కాదనో ఒక్క మాట చెప్పేస్తే ఈ కాగితం మడిచేస్తాను."

ఆయన చేతిలో చెంచా ఆగింది.

"ఔనంటే?"

"టిక్కు పెడతాను."

"కాదంటే?"

"ఇంటూ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... ఈ ఇంటికి నా పనుండదు."

ఎమ్రిస్ ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాడు. డెలిత్ కప్పులోకి చూస్తూ కూర్చుంది. కొండ అవతల ఆమె అద్దె గదిలో కెటిల్‌లో ఎప్పుడూ ఒక్క కప్పుకు సరిపడా నీళ్ళే పోస్తుంది.

"తొందరేమైనా ఉందా?" అడిగాడాయన.

"తొందరేం లేదు," అంది వెంటనే.

"అయితే ఇంకా తేల్చుకోలేదని రాసుకో. దేశాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలన్నది చిన్న విషయమా? ఊరికే తేలదు."

ఆమె ప్రశ్నార్థకం మీదే మళ్ళీ పెన్సిలు తిప్పింది. దిద్ది దిద్ది అక్కడ కాగితం పలచబడిపోయింది.

"వచ్చే గురువారం రొట్టెలో ఎండుద్రాక్ష ఇంకాస్త వేస్తాను," అన్నాడు, గుమ్మం దాకా వచ్చి.

"లంచమా?"

"ఓటరును కొనే పార్టీలను చూశాను. పార్టీని కొనే ఓటరు మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. నాలుగింటికి, మరిచిపోకు."

"బస్సు వస్తే నాలుగింటికి. రాకపోతే నడిచొస్తాను."

ఆయన గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. డెలిత్ జాబితా తడవకుండా కోటు లోపల దాచుకుని వానలోకి నడిచింది.

ఉప ఎన్నిక పోలింగు ముగిసి, ఆమె పార్టీ ఆ సీటును పోగొట్టుకుని, ఆ రోజుకు సరిగ్గా ఆరు గురువారాలు.