వంకర మూత

“ఈ మూత పారేత్తే గానీ నాకు శాంతి లేదు,” అంది సుమయ్యా. బిర్యానీ దమ్ముకి ఎంత పిండి పూసినా ఆ వంకర సందులోంచి ఆవిరి పోతూనే ఉంది.

“ఇంకాస్త పూయి,” అంది అత్త కరీమున్నీసా, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండా.

“పెళ్లైన కాడ్నించి పూత్తన్నాను అమ్మీ. పూర్ణా మార్కెట్లో మూతలే దొరకవా ఏటి?”

ఆ మూతను కరీమున్నీసా పారేయనివ్వదు, బయటివాళ్లకు చూపించనూ చూపించదు.

కానీ ఆమె కొడుకు, సుమయ్యా మొగుడు ఫిరోజ్ నోరు ఊరుకోదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బీచిలో దిగిపోయిన విమానం రేకు తమ ఇంట్లో ఉందని, తన తాత ఇసుకలో ఏరుకొచ్చి మూతగా వంచాడని కొట్లో అందరికీ చెప్పేవాడు. ఆ మాట పట్టుకుని ఆ మధ్యాహ్నం సందీప్ అనే ఆయన ఇంటికొచ్చాడు. పాత విమానాలు బాగుచేసే బృందంలో మనిషి.

మూత తిరగేసి, అంచున ఉన్న స్క్రూ చిల్లులు తడిమాడు.

“ఇదేనండి. ఇంజిన్ పైన ఉండే రేకు. గాల్లో ఊడొచ్చి అద్దానికి కొట్టుకుంది. ముందేం కనబడక పైలట్ ఇసకలో దించేశాడు. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కుర్రాడు.”

“మా దాదా అప్పుడు అక్కడే, విమానాల కాడే రేకుపని సేసీవోడు,” అన్నాడు ఫిరోజ్ గర్వంగా.

కరీమున్నీసా కత్తిపీట పక్కకి జరిపింది. “ఆ పిల్లోడు బతికాడా బాబూ?”

“బతికాడమ్మా. కాలు విరిగిందంతే. విమానాన్నీ బాగుచేసి ఎగరేశారు. యుద్ధమయ్యాక కూడా ఎంతోమంది దానిమీదే నేర్చుకున్నారు. ఇప్పుడు మళ్లీ నిలబెడుతున్నాం. ఇస్తే ఈ రేకు దాని పక్కనే పెడతాం.”

“రేపు సెప్తాం,” అంది ఆమె.

రాత్రి భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ పొడిపొడిగా ఆరిపోయింది.

“రేకు ఇచ్చెయ్‌రా,” అంది కరీమున్నీసా.

సుమయ్యా చేతిలో గరిటె ఆగింది. ఫిరోజ్ ముఖం వెలిగింది. “దాదా ఏరి దాసేడని పేరు రాసి పెడతారంట అమ్మీ.”

“పేరు వద్దు.”

“ఏటీ? ఎందుకొద్దు?”

ఆమె ముద్ద కిందపెట్టింది.

“ఇది ఇసకలో ఏరింది కాదురా, ముందే ఊడదీసి ఇంటికి తెచ్చింది. గాల్లో ఊడింది, దీని బదులు మీ దాదా బిగించిన నూనె డబ్బా రేకు.”