దిగని షాకు

"వెనక షాకు బిగుసుకుపోయిందన్నా, చూడు," అంటూ తమ్ముడు మెకానిక్ ముందే మౌంటెన్ బైక్ ఎక్కి కూర్చున్నాడు. మనిషి బరువుకి, గాలితో పనిచేసే ఆ షాక్ అబ్జార్బర్ కాస్త కిందికి దిగాలి. దిగలేదు.

"ఎగిరెగిరి కూర్చోరా," అంది అక్క. రెండుసార్లకే ఆయాసపడ్డాడు.

మెకానిక్ గాలి కొలిచాడు. "నిరుడు నీ బరువుకి నేను పెట్టినంతే ఉందే!" అని తనే ఎక్కాడు. షాకు మెత్తగా దిగింది.

"ఆ పొట్టకి లారీ అయినా దిగుతుందన్నా!" నవ్వాడు తమ్ముడు.

అక్క నవ్వలేదు. తమ్ముడి జబ్బుకి కొత్త మందు పడిందనీ, వీడు మళ్లీ ఒళ్లు చేస్తున్నాడనీ ఇవాళ పొద్దున కూడా దేవుడికి దండం పెట్టుకుంది. ఆయన విన్నదేమిటో!

"గాలి కొంచెం తీస్తే చాలు కదన్నా?" అంది మెల్లగా.

మెకానిక్ తలెత్తలేదు. "కొంచెం చాలదమ్మా."