నాలుగు వరుసల మెయిల్

"ఇంకా అయితలేదా, వకీలమ్మా?" పూలి మూడోసారి అడిగింది.

"అయితున్నదక్కా. ఒక్క నిమిషం," అంది యశోద, తెర మీంచి చూపు తిప్పకుండానే.

భద్రాచలం బస్టాండు ఎదురుగా ఉన్న ఆ నెట్ సెంటర్‌లో ఐదున్నరకు కరెంటు కోత. అప్పటికే ఐదు దాటింది.

ఆ మధ్యాహ్నమే కోర్టు పూలి వాళ్ళ గూడేనికి స్టే ఇచ్చింది. ఇరవై మూడు కుటుంబాలు సాగు చేసుకుంటున్న చేలల్లోకి తోటల కంపెనీ అడుగు పెట్టకూడదని ఉత్తర్వు. కాపీ మాత్రం సోమవారానికి గాని చేతికి రాదు. జామాయిల్ మొక్కల కోసం కంపెనీ జేసీబీ రేపు శనివారం పొద్దున ఎనిమిదింటికే చేలో దిగుతుంది. పత్తి కాయ పగిలే రోజులు. ఒకసారి దున్నేశాక ఎన్ని ఉత్తర్వులు తెచ్చినా ఏం లాభం?

కోర్టులో వాదించింది యశోదే. నల్లకోటు వేసుకుని ఏడు నెలలు. సీనియర్ సారంగపాణి పొద్దున్నే హైకోర్టు పని మీద హైదరాబాదు వెళ్ళాడు. "సెల్లు కలవకుంటే మెయిల్ కొట్టు, సాయంత్రం చూస్త," అని చెప్పి మరీ బస్సెక్కాడు. మధ్యాహ్నం నుంచీ ఆయన ఫోన్ స్విచాఫ్. ఆయన మాటయితే కంపెనీ పెద్దలు వింటారు. ఏడు నెలల వకీలు మాట ఎవరు వింటారు?

"కంపెనీ దిక్కు వకీలు మేడం ఉన్నది గద, ఆమెకు చెప్తె ఆగరా?" అంది పూలి.

"సరిత మేడంకా? వద్దక్కా. ఇయ్యాల ఆమె కోర్టుకు రాలే, స్టే సంగతి తెల్వదు. చేతిల కాపీ లేదని తెలిస్తె మిషన్ రేపటిదాంక కూడ ఆగదు."

పూలి కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

యశోద అప్పటికే రెండు పేజీలు రాసింది. గూడెం ఎప్పుడు వెలిసిందో, ఏ చట్టంలో ఏ సెక్షన్ ఏమంటుందో, పోయిన వాయిదాలో సరిత మేడం తనను ఎంత వెటకారం చేసిందో, అన్నీ ఉన్నాయి. చివరికొచ్చి మొదటి నుంచి చదువుకుంటే ఆమెకే ఊపిరాడలేదు. ఇంతకీ ఏం చెయ్యమంటోంది? అది రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంది.

ఆమె మెయిళ్ళను ప్రింటు తీసి ఎర్రసిరాతో దిద్దేటప్పుడు సారంగపాణి అనే మాట గుర్తొచ్చింది. "చదివేటోడు నిలబడి చదువుతుండనుకో యశోదా. ఏమైంది, ఏం గావాలె, ఎప్పటిలోగ. గంతే. నీ కోపం ఆయనకెందుకు?"

రెండు పేజీలూ చెరిపేసింది. మళ్ళీ ఇంగ్లీషులో నాలుగే వరుసలు కొట్టింది.

"గూడెం చేలపై ఈ రోజు మూడున్నరకు కోర్టు స్టే ఇచ్చింది. కేసు నంబరు కింద ఉంది, కాపీ సోమవారం వస్తుంది. కంపెనీ జేసీబీ రేపు ఉదయం ఎనిమిదికి దిగితే ఇరవై మూడు కుటుంబాల పంట పోతుంది. దయచేసి ఈలోగా కంపెనీతో మాట్లాడి ఆపించగలరు."

విషయం దగ్గర 'స్టే వచ్చింది, రేపు ఎనిమిదిలోగా ఆపాలి' అని రాసింది. పైన పేరులోని మొదటి మూడక్షరాలు ఎస్, ఏ, ఆర్ కొట్టగానే మిగతాది కంప్యూటరే నింపింది. పంపింది. వెళ్ళిందని తెర మీద పడిందో లేదో, నెత్తి మీద ఫ్యాను ఆగిపోయింది.

"పోయిందా?" అంది పూలి చీకట్లో.

"పోయిందక్కా."

మర్నాడు ఏడున్నరకే గూడెం అంతా చేల గట్ల మీద ఉంది. ఎనిమిదింటికి జేసీబీ వచ్చింది. కన్నమ్మ అనే ముసలమ్మ వెళ్ళి దాని దారికి అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కనే పూలి. యశోద వాళ్ళ ముందు నిలబడి స్టే ఉందని అరిచింది.

"కాయితం చూపియ్యి మేడం," అన్నాడు డ్రైవరు.

కాగితం లేదు. ఇంజను ఆగలేదు. సార్ మెయిల్ చూశాడో లేదో.

అంతలో దుమ్ము రేపుకుంటూ కంపెనీ జీపు వచ్చింది. సూపర్‌వైజర్ వెంకటప్పయ్య అది ఆగీ ఆగకముందే దూకాడు.

"బంద్ చెయ్! వెనక్కి తిప్పు! హైదరాబాద్ నుంచి పెద్ద సార్ ఫోన్ చేసిండు. కోర్టు స్టే ఉన్నదంట. చేన్ల కాలు పెడితే మన మీదనే కేసైతది."

జేసీబీ వెనక్కి తిరిగింది. కన్నమ్మ ఇంకా లేవలేదు, కూర్చున్నచోటే ఏడుస్తూ నవ్వుతోంది. పూలి యశోద రెండు చేతులూ పట్టుకుంది. యశోద గట్టు మీద కూలబడింది. నిన్నటి నుంచి అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పూలి వాళ్ళింట్లో జొన్నగటక రెండుసార్లు వడ్డించుకుని తింది.

భద్రాచలంలో ఆటో దిగుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. సారంగపాణి గొంతు.

"సార్! మీ మేలు మర్చిపోలేం సార్. టయానికి ఆపించిన్రు."

"ఏంది ఆపించింది? నిన్న బస్సుల నా సెల్లు ఎవడో కొట్టేసిండమ్మా. ఇగో, ఇప్పుడే కొత్తది కొన్న. స్టే ఏమైంది?"

"మరి నా మెయిల్, సార్?"

"ఇప్పుడే చూసిన. నీ దగ్గరి నుంచి ఏం రాలే."

యశోద పరుగున నెట్ సెంటర్‌లోకి వెళ్ళింది. పంపిన మెయిళ్ళలో అన్నిటికన్నా పైనున్నది తెరిచింది.

అది వెళ్ళింది సరిత మేడంకు.