రేకుల షెడ్డులో చుక్కలు

గోవాడ రోడ్డులోని తన రేకుల షెడ్డులో, చీకటిపడ్డాక, పరదేశి తన తండ్రి నడిపిన పాత నల్ల అంబాసిడర్ కారుకు పాలిష్ చేస్తున్నాడు. గిర్రున తిరగడమొక్కటే తెలిసిన మిషనైతే పలచబడిన ఆ పెయింటును కాల్చేస్తుందని, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ ఏరికోరి కొన్నాడు. మెత్తని ప్యాడ్‌ను బానెట్ మీద ఆనించి, నొక్కకుండా నెమ్మదిగా జరిపాడు. మిషన్ ఆపి గుడ్డతో తుడిచేసరికి ఆ నలుపు లోతుల్లో చుక్కలు మెరిశాయి. తలెత్తి చూశాడు. పైన రేకులే ఉన్నాయి.

"ఒసే మాలచ్చిమీ, ఇలగ రా! సూడు!"

భోజనం తెచ్చిన భార్య కనకమహాలక్ష్మి క్యారేజీ కింద పెట్టి, అద్దంలా మెరుస్తున్న బానెట్‌లోకి వంగి చూసింది. ఇద్దరూ ఆ ఆకాశాన్నే చూస్తూ నిలబడిపోయారు.

"ఎంత బాగుందయ్యా!" అంటూ ఆమె మెల్లగా అతని చెయ్యి పట్టుకుంది. "సుక్కలన్నీ కనబడతన్నాయి. మరి అందులో మనమేరి?"