రెండు మీటర్లకొకటి

అతని భార్యను చంపింది భూకంపం కాదు, ఇంజనీరు. నేల గట్టిదని రాసిచ్చింది ఆయనే. ఆ కాగితం నమ్మి ఇల్లు కట్టారు. నేల కదిలిన రోజున అడుగునున్న తడి ఇసుక నీళ్ళలా పైకి తన్నుకొచ్చింది. ఇల్లు కిటికీల దాకా దిగబడింది. ఆమె లోపలే ఉంది.

పదకొండేళ్ళ తర్వాత ఆ ఖాళీ స్థలంలో ఒక అమ్మాయి టేపు పరిచి, రెండు మీటర్లకొక మేకు గుచ్చుతోంది. ప్రతి మేకు నెత్తిన చిన్న డబ్బా, అన్నిటినీ కలుపుతూ ఒక తీగ.

“ఆ మూడోది పక్కకి పోయింది. వరస తిన్నగా పెట్టడం కూడా నేర్పలేదా మీకు?” అన్నాడు ముసలాయన కుర్చీలోంచి.

ఆమె సరిచేసింది. “పన్నెండూ గుచ్చితే ఆ గోడ దాకా వస్తాయి తాతగారూ.”

“గోడ పక్కన మా ఆవిడ టమాటా నారు పోసింది. ఇల్లు కట్టకముందు, రేకుల షెడ్డులో ఉన్నప్పుడు.”

“ఇప్పుడేం లేదు కదా.”

“ఇప్పుడేముంటుంది. ఇసుక.”

ఆమె నేల మీద ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొట్టింది. తీగ చివరనున్న కంప్యూటర్లో గీతలు వణికాయి.

“ఈ నేలకి దెబ్బలు చాలలేదా?”

“దెబ్బకి పుట్టిన అల మేకు నుంచి మేకుకి ఎంత వేగంగా పోతుందో చూస్తాం. గట్టి నేలలో పరిగెడుతుంది, వదులు నేలలో కాళ్ళీడుస్తుంది. ఇక్కడ సెకనుకి నూట నలభై మీటర్లు. వట్టి వదులు.”

“ఆ మహానుభావుడు ఎంత రాశాడు?”

“రెండొందల ఎనభై. సరిగ్గా రెట్టింపు.” ఆమె సమ్మెట కింద పెట్టింది. “ఆయన మా నాన్న.”

ముసలాయన పక్కకి తిరిగి ఉమ్మాడు. “ఏ మొహం పెట్టుకుని వచ్చావు?”

“ఉద్యోగం పోయింది, పరువు పోయింది, మంచం పట్టాడు. ఇప్పటికీ రెండు మీటర్లకొకటి కొలిచే గుచ్చానంటాడు. గుచ్చి, భోజనానికి వెళ్ళొచ్చాడట. వరస తిన్నగానే ఉంది కదా అని మళ్ళీ కొలవకుండా సమ్మెట వేశాడు. అది ఆయన తప్పే. కానీ ఆ గంటలో ఎవరైనా మేకుల్ని మీటరుకొకటి చేసుంటే, అల పోయింది సగం దూరమే. లెక్కలో మాత్రం రెండు మీటర్లే, అందుకే వేగం రెట్టింపు.”

అతను కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు.

“ఆ రోజు మీరిక్కడే ఉన్నారు. ఎవరైనా కదిపారా? ఒక్క మాట చెప్పండి. పోయేలోపు ఆయన చెవిన వేస్తాను.”

ముసలాయన గోడ వైపు చూశాడు.

“ఎవరూ కదపలేదు. మీ నాన్నే చంపాడు. ఈ జన్మకి ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తకు.”

ఆమె మేకులు ఒక్కొక్కటే పీకి, మట్టి దులిపి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

నారు నలుగుతుందని ఆ రోజు మేకులన్నీ దగ్గరికి జరిపింది అతనే.