పదకొండో సంతకం

కాగితం మీద పది సంతకాలు పడ్డాయి. ఇక మిగిలింది కౌసల్యమ్మది ఒక్కటే.

ఆమె ఎల్లయ్య ట్రాక్టర్ షెడ్డులోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ కింద చాప మీద కూర్చునే మనిషికి ఆ రోజు కుర్చీ వేశారు. ఛాయ్ ముందు ఆమెకే ఇచ్చారు. ఆమె మొహం వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

"ఎట్లున్నడు వదినె కొడుకు?" అన్నాడు ఎల్లయ్య, ట్రాక్టర్ టైరు వైపు చూస్తూ.

"అద్దంల నుంచి సూపిచ్చిన్రు. పది నిమిషాలు. మాట్లాడనియ్యలే."

జిన్నారం దగ్గరి ఆ ఊళ్లో చెరువు కమిటీ పుట్టి ఏడేళ్లయింది. కెమికల్ కంపెనీ ట్యాంకర్లు చెరువులోకి పారే నాలాలో వదిలే విషపు నీళ్ల మీద వాళ్లు పెట్టని అర్జీ లేదు, ఎక్కని ఆఫీసు లేదు. ఒక్క రాయి మాత్రం ఎన్నడూ విసరలేదు.

మొన్న సోమవారం పొద్దున, కమిటీలో అందరికంటే హుషారైన రాకేష్, వంతెన దగ్గర ఆగి ఉన్న ట్యాంకర్ మీద పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీశాడు. డ్రైవరు ఛాయ్ తాగడానికి వెళ్లాడు. క్యాబిన్‌లో క్లీనరు పడుకుని ఉన్నాడని రాకేష్ చూసుకోలేదు.

ఇప్పుడు క్లీనరు ఆసుపత్రిలో. రాకేష్ జైల్లో. రేపు సంగారెడ్డిలో చెరువు మీద విచారణ.

కమిటీ అధ్యక్షుడు కామరాజు కళ్లజోడు సర్దుకున్నాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి, ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. కాగితం పైకి చదివాడు.

"'సదరు రాకేష్‌కు మా కమిటీతో ఎటువంటి సంబంధమూ లేదు. అతడు ఎన్నడూ మావాడు కాడు.' అంతేనండి. కంపెనీ లాయరు మనల్ని నిప్పు పెట్టే ముఠా అంటున్నాడు. ఇది ఇవ్వకపోతే రేపు మనల్ని చెరువు ఊసే ఎత్తనివ్వరు. మా పదిమందివీ ఒక ఎత్తు, మీదొక్కటీ ఒక ఎత్తు కౌసల్యమ్మగారూ. మీరే సంతకం పెట్టారంటే ఇంకెవడూ నోరెత్తడు."

కౌసల్యమ్మ మూడో తరగతి దాకా చదివింది. కాగితం అందుకుని కూడబలుక్కుంటూ మళ్లీ చదివింది.

"మనోడు కాదా?" అంది.

ఎల్లయ్య ఖాళీ గ్లాసులు ఏరసాగాడు. కౌసల్యమ్మ కాగితం కింద పెట్టింది.

"పోయిన నెల గీ షెడ్డులనే లేసి నిలవడి, అర్జీలతోని అయితలేదు, ఒక్క ట్యాంకర్ కాలవెడితే ఆళ్లే దారికొస్తరు అన్నడా లేదా?"

"అన్నడు" అన్నాడు కమిటీలో ఇంకో సభ్యుడు చిన్నరాములు. "ఉడుకు మీద అన్నడు. నిజంగ కాలవెడ్తడని కలగన్నమా?"

"నువ్వు ఈల గొట్టినవు రాములూ. సారు నవ్విండు. ఎల్లయ్య భుజం తట్టిండు. నేను... నేను గూడ సప్పట్లు గొట్టిన. ఒక్కలన్న 'తప్పు బిడ్డా, కూసో' అన్నమా?"

"ఇప్పుడవన్నీ తవ్వుకుంటే లాభమేంటండీ?" అన్నాడు కామరాజు.

"నా సంతకం కావాల్నా సారూ? అయితే గిట్ల రాయిన్రి. రాకేష్ మావోడే. వాడు జేసింది పాపం. శిక్ష పడాలె. మేం సప్పట్లు గొట్టినం, మాది గూడ తప్పే. గిట్ల రాస్తే ఇప్పుడే పెడ్త."

"అలా రాస్తే అందరం ముద్దాయిలమేనండీ."

చిన్నరాములుకు ఓపిక పోయింది. "పెద్దమ్మా, నీ కడుపుమంట నాకెర్కే. గని ఒక్క పిలగాని కోసం ఊరందరి నీళ్లు పోగొడ్తవా? నీ ఎకరన్నర చౌడైంది సాలదా?"

అదీ నిజమే. ఆ పొలం పాడయ్యాక ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కొడుకు పనికి పోబట్టే.

"నీళ్లు నాకు గూడ కావాలె రాములూ. గని రేపు ఇంకోడు లేస్తడు. వాడు గూడ మనోడు కాదంటవా?"

ఆమె పెన్ను తీసుకుంది. 'మావాడు కాడు' అన్న వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కింద ఒక్కొక్క అక్షరమే పేర్చి తన పేరు రాసింది.

కామరాజు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. అదే మాట, అదే టైపు. కింద పది పేర్లే ఉన్నాయి.

ఎల్లయ్య ఆమెను రోడ్డు దాకా సాగనంపాడు. "ఏమనుకోకు వదినె."

"ఏమనుకుంట? ఆటో ఆపు జెర. నాలుగు దాటితే లోపలికి పోనియ్యరు."

రెండు రోజులకు పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. రాకేష్ తమవాడు కాడని కమిటీ సభ్యులంతా ఏకగ్రీవంగా చెప్పారట. విచారణ బాగా జరిగిందని కామరాజు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద వరసగా దండం బొమ్మలు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం కౌసల్యమ్మ ఆ పేపరు ముక్కను కొంగున ముడేసుకుని, చెప్పులు బయట విడిచి, అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఒళ్లంతా కట్లతో పడుకుని ఉన్న ట్యాంకర్ క్లీనరు చెవి దగ్గరకు వంగి, "శ్రావణ్... కొడుకా... నిన్ను కాలవెట్టినోడు మనోడు కాడంట" అంది.