టీ పోసిన అన్నం

“ఆవిడకీ కాస్త టీ పొయ్యవే,” అన్నాడు ముసలి తోకుజి, పక్కన కూర్చోడానికి నేలమీద వేసిన ఖాళీ మెత్త వైపు చూసి నవ్వుతూ.

అతని భార్య సుమీ కప్పు ఠక్కున పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో తనను చూసి ఆయన అలా నవ్వింది లేదు.

“ఎలా ఉంటుందేంటి ఆ మహాతల్లి?”

“ఊదారంగు కిమోనో కట్టుకుంది. నెమ్మదైన మనిషి.”

“అంటే నేను గయ్యాళినా?”

కూతురు చిహారు తల్లిని వంటింట్లోకి లాగింది. “నాన్నకి జబ్బువల్ల అలా కనిపిస్తోందమ్మా. ఎవరూ లేరని వాదిస్తే బెదిరిపోతాడు. డాక్టర్ చెప్పాడుగా, మర్యాదగా సాగనంపమని!”

మర్యాదా? క్యోటోలో పుట్టినదానికి అదొకరు నేర్పాలా! సుమీ మెత్త ముందు కూర్చుని తియ్యగా అడిగింది.

“టీ పోసిన అన్నం తిని వెళ్తారా?”

ఆ మాట వింటే ఈ ఊళ్లో ఏ అతిథైనా లేచి చెప్పులు వెతుక్కోవలసిందే.

“వెళ్లిపోయింది,” అన్నాడు తోకుజి.

సుమీ మొహం వెలిగిపోయింది.

“పాపం, ఇంతసేపూ నా పక్కనే కూర్చుంది. నువ్వెప్పుడూ వంటింట్లోనేగా.” అతని చెయ్యి ఖాళీ మెత్తను తడుముతోంది.

సుమీ ఆ మెత్త మీదికి జరిగి, చేతిని పట్టుకుంది.

“నన్ను మాత్రం టీ అన్నం తినమనకండి,” అంది.